ఇల్లు కొనేముందు ఇంటి తనిఖీ: అత్తిబెలె పరిసరాల కొనుగోలుదారులకు

బెంగళూరు–హోసూరు రహదారిపై కర్ణాటకకు చివరి పట్టణం అత్తిబెలె. ఆనేకల్ తాలూకాలోని ఈ ఊరు దాటితే తమిళనాడు. తరతరాలుగా ఈ సీమలోనే ఉన్న తెలుగువారితో పాటు, ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడినవారూ ఇక్కడ కట్టిన ఇళ్ళను కొంటున్నారు. పత్రాలను వకీలుకు చూపడం అందరికీ అలవాటే. ఇంటిని ఇంజనీరుకు చూపే అలవాటు మాత్రం ఇంకా బలపడలేదు.

ఈ ఉపేక్షకు మూల్యం ఎక్కువ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మకందారు చెప్పి తీరాలి. అయితే కొనుగోలుదారు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టగల లోపాలకు ఈ నియమం వర్తించదు. గోడమీద కనబడే బీటను చూడక కొన్నవారు తరువాత అమ్మకందారును నిలదీయడం కష్టం. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ స్వాధీనమైన నాటినుండి ఐదేళ్ళలోపు తెలిపిన నిర్మాణ లోపాలను ఉచితంగా సరిచేసే బాధ్యతను ప్రమోటరుపై ఉంచింది. సొంతానికి కట్టుకొని, కొన్నేళ్ళు కాపురముండి అమ్మే ఇంటి యజమానికి ఆ బాధ్యత లేదు. బ్యాంకు పంపే మదింపుదారు చూసివెళ్ళాడు కదా అనుకోవడమూ పొరపాటే. ఆయన చూసేది అప్పుకు ఆ ఇల్లు చాలునా అన్నది మాత్రమే.

తనిఖీకి సివిల్ ఇంజనీరును కొనుగోలుదారే నియమించుకోవాలి. దళారి కుదిర్చిన మనిషి వద్దు. బయానా ఇవ్వకముందే, పగటివేళ, వీలైతే వాన వెలిసిన మర్నాడు చూడడం మేలు. సెప్టెంబరు, అక్టోబరు వానలు ఇంటి గుట్టు బయటపెడతాయి.

ఇంజనీరు మొదట బయట తిరిగి చూస్తాడు: వాననీరు ఎటు పోతున్నది, ఇల్లు వీధికన్నా పల్లంలో ఉన్నదా, పునాది నేల పూడ్చిన గుంటయా, చెరువుకు చేరే రాజకాలువ దగ్గరున్నదా అన్నవి అప్పుడే తేలతాయి. పూతలోని వెంట్రుకవాసి పగుళ్ళు సాధారణం. కిటికీ మూలలనుండి ఏటవాలుగా సాగి, గోడకు రెండువైపులా కనబడే బీటలు పునాది కుంగుతున్నదనడానికి సూచన కావచ్చు. దూలాల అడుగున పూత రాలి, తుప్పుపట్టిన కమ్ములు కనబడితే ఖర్చు పెద్దదే.

ఎక్కువసేపు చూడవలసినది చెమ్మను. గోడ అడుగున ఉప్పు ఊరడం, స్నానాలగదికి ఆనుకున్న గోడ ఉబ్బడం, డాబా మీద నీరు నిలిచిన మరకలు దాని గుర్తులు. ఇల్లంతా పాతబడి, ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే కారణం అడగాలి. నాణెంతో తడితే డొల్లగా మోగే పలకలను గుర్తు పెట్టుకోవాలి.

కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూడాలి. సంపు మూత తీయించి పగుళ్ళు, మురుగుతొట్టికి దాని దూరం పరిశీలించాలి. బోరునీటిని ప్రయోగశాలకు పంపాలి. తాగునీటి భారతీయ ప్రమాణం కరిగిన లవణాలకు లీటరుకు 500 మిల్లీగ్రాములు, కాఠిన్యానికి 200 మిల్లీగ్రాములను ఆమోదయోగ్య పరిమితులుగా నిర్దేశించింది. విద్యుత్తు విషయంలో ఎర్తింగు ఉన్నదీ లేనిదీ, లీకేజీకి సరఫరాను తెంచే బ్రేకరు మీట నొక్కగానే పనిచేస్తున్నదీ లేనిదీ ముఖ్యం.

ఇంజనీరు కొలతలను మంజూరైన ప్లానుతో పోల్చాలి. అనుమతి లేని అంతస్తు ఎంత గట్టిగా ఉన్నా చిక్కే. కర్ణాటకలో పట్టణ స్థిరాస్తుల నమోదుకు 2024 అక్టోబరు నుండి ఈ-ఖాతా తప్పనిసరి అయింది. అందులోని విస్తీర్ణం నేలమీద కొలతతో సరిపోవాలి. సరిహద్దు దాటి హోసూరు వైపు కొనేవారికి ఖాతా బదులు పట్టా, కన్నడం బదులు తమిళం. కన్నడ లిపి మన లిపికి దగ్గరది గనుక చదివేశామనుకోవడం కూడా ప్రమాదమే.

గోడలోపలి గొట్టాలను, నేలలోని పునాదిని ఏ ఇంజనీరూ పూర్తిగా చూడలేడు. అందుచేత నివేదికను ఫోటోలతో, ఏది చూడలేకపోయినదీ తెలుపుతూ, రాతపూర్వకంగా తీసుకోవాలి. మరమ్మతుల అంచనా చేతనుంటే ధర తగ్గించమనవచ్చు; లేదా అమ్మకందారే చేయించాలన్న షరతును గడువుతో సహా ఒప్పందపత్రంలో రాయించవచ్చు. నోటిమాటగా వదలకూడదు. రిజిస్ట్రేషనుకు ముందురోజు మరొకసారి వెళ్ళి, చేస్తామన్న మరమ్మతులు జరిగాయా, బోరు మోటారు, నీళ్ళతొట్టి వగైరా మాట్లాడుకున్నవన్నీ అక్కడే ఉన్నాయా అని చూసుకోవాలి.