విలన్: వెట్టివాడి పేరు తిట్టుగా మారిన చరిత్ర

విలన్ అంటే మనకి సినిమా మాట. హీరోయిన్‌ని ఎత్తుకుపోయేవాడు, చివరి రీల్లో హీరో చేతిలో తన్నులు తినేవాడు. ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా ఈ మాట తెలుసు. కానీ ఇది పుట్టినప్పుడు దీనికి చెడ్డతనంతో ఏ సంబంధమూ లేదు. లాటిన్‌లో విల్లా అంటే దొరగారి కమతం. ఆ కమతాన్ని అంటిపెట్టుకుని బతికేవాడు విల్లానుస్. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి విల్లెయిన్ అయ్యాడు. పొలం దున్నేవాడన్న మాట. దున్నేవాడి పేరు దుర్మార్గుడి పేరు ఎట్లా అయింది? ఈ మార్పు పూర్తవుతున్న దశని 1590-1620 నడుమ లండన్ నాటకాల్లో చూడొచ్చు. ఇంగ్లీషు ఎం.ఏ. చదివే మన పిల్లలకి ఇది ఫుట్‌నోట్లో తగుల్తుంది గానీ పరీక్షలో రాదు.

ముందు ఆ మనిషి సంగతి. 1086లో విలియం రాజు చేయించిన డూమ్స్‌డే సర్వేలోనే విల్లానుస్‌ల లెక్కలున్నాయి. ఆ తర్వాతి వంద, నూటయాభై ఏళ్ళలో చట్టం వీళ్ళని మరింత బిగించింది. వారానికి ఇన్ని రోజులని దొర పొలంలో వెట్టి. కూతురికి పెళ్ళి చేస్తే దొరకి రుసుము. ఇంటిపెద్ద చనిపోతే ఉన్నవాటిలో మంచి పశువు దొరకి. అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. భూమి కోసం దొర మీద రాజుగారి కోర్టుకి పోవడానికి లేదు. మన దగ్గర వెట్టి కథలు విన్నవాళ్ళకి ఇంతకంటే విడమర్చి చెప్పనక్కర్లేదు.

వాళ్ళు పడి ఉండలేదు. 1381లో వాట్ టైలర్ వెంట లండన్ మీదికి నడిచారు. ఆ తిరుగుబాటులో చాలాచోట్ల దొరల కచేరీ కాగితాలు తగలబెట్టారు. తమ బానిసత్వం ఏ కట్టలో రాసి ఉందో వాళ్ళకి బాగా తెలుసు. చిన్నకుర్రాడైన రెండో రిచర్డ్ రాజు మైల్ ఎండ్ దగ్గర విముక్తి పత్రాలిచ్చి, గండం గట్టెక్కాక వెనక్కి తీసుకున్నాడు. 1549లో నార్ఫోక్‌లో రాబర్ట్ కెట్ నాయకత్వంలో లేచినవాళ్ళ కోరికల పట్టీలో కట్టుబానిసలందరికీ విముక్తి అనేది ఒకటి. 1574లో ఎలిజబెత్ రాణి తన సొంత భూముల్లోని కట్టుబానిసల్ని డబ్బు కట్టించుకుని వదిలేయమంది. 1583లో అచ్చయిన తన పుస్తకంలో సర్ థామస్ స్మిత్, అట్లాంటివాళ్ళు ఇప్పుడు చెప్పుకోదగినంతమంది లేరని రాశాడు. ఈ హోదా మీద చివరి కేసుగా చెప్పేది 1618 నాటిది.

మనిషి దాదాపు బయటపడ్డాడు. పేరు మాత్రం నోళ్ళలో తిట్టుగా ఉండిపోయింది. ఆ రోజుల్లో విల్లెయిన్‌కీ విలన్‌కీ వేరు స్పెల్లింగులు కూడా లేవు, ఒకటే మాట.

ఇది ఇంగ్లీషువాళ్ళొక్కళ్ళే చేసిన పని అనుకోవద్దు. విల్లా నుంచి విలన్ వచ్చినట్టే మనకి గ్రామం నుంచి గ్రామ్యం వచ్చింది. ఆలంకారికులు దాన్ని కావ్యదోషాల్లో చేర్చారు. గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం పోట్లాడినప్పుడు పండితులు జనం భాష మీద విసిరిన ముద్ర అదే. కులీనుడంటే పెద్ద వంశంలో పుట్టినవాడూ, మంచివాడూ కూడా. ఇంగ్లీషు జెంటిల్ కథా అంతే.

ఇక నాటకాలు. షేక్‌స్పియర్ రాసిన కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌లో డ్రోమియోలని ఇద్దరు కవల నౌకర్లుంటారు. బీద తల్లిదండ్రుల దగ్గర పసిగుడ్డులుగా కొనుక్కొచ్చినవాళ్ళు. యజమానులు వాళ్ళని విలన్ అంటూ కొడతారు, ప్రేక్షకులు నవ్వాలి. తన నౌకరు నమ్మకస్తుడని పక్కవాడికి చెప్పేటప్పుడు కూడా యజమాని అదే మాట వాడతాడు. మార్లో డాక్టర్ ఫాస్టస్‌లో వాగ్నర్ తానే ఒక నౌకరు. ఆకలితో, ఒంటిమీద సరైన గుడ్డల్లేకుండా ఉన్న ఒక మోటువాణ్ణి పట్టుకుని విలన్ అని కసిరి, తనని మాస్టర్ వాగ్నర్ అని పిలవమంటాడు. అంబేద్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత కులం గురించి. దాన్ని తీసుకొచ్చి ఇక్కడ అతికించలేం గానీ, గుర్తుకు రాక మానదు. వింటర్స్ టేల్‌లో రాజు లియాంటిస్ తన చిన్నకొడుకుని ముద్దుగా అనేదీ ఈ మాటే. మనం పిల్లాణ్ణి దొంగసచ్చినోడా అన్నట్టు.

ఇంకో సంగతి. ఈ మాటలు పలికిన నటులు కూడా కాగితం మీద ఎవరో ఒక ప్రభువు నౌకర్లే. 1572 చట్టం ప్రకారం ప్రభువు అండ లేని నటుడు దేశదిమ్మరి కింద లెక్క.

షేక్‌స్పియర్ నాటికి పాత అర్థం చచ్చిపోయిందని, మిగిలింది వట్టి తిట్టేనని అనేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. యాజ్ యూ లైక్ ఇట్ మొదటి రంగం చూడండి. అన్న ఆలివర్ తమ్ముడు ఆర్లాండోని విలన్ అంటాడు. తమ్ముడు తాను విలన్ కానని, ఫలానా సర్ రోలండ్ కొడుకునని జవాబిస్తాడు. తిట్టుకి జవాబుగా వంశం చెప్తున్నాడు! రెండో అర్థం జనానికి తెలియకపోతే ఈ జవాబుకి తలాతోకా ఉండదు. అతని కోపం కూడా గమనించాలి. పాలేర్లతో పాటు తిండి పెడుతున్నావు, మోటు రైతులా పెంచావు అని. పాలేర్ల తిండి అట్లా ఎందుకుందన్నది అతని ప్రశ్న కాదు.

మాట పైకి కూడా ఎక్కింది. హామ్లెట్ తన తండ్రిని చంపిన రాజుని విలన్ అంటాడు. 1623 ఫోలియోలో ఒథెల్లో నాటకం చివర ఇచ్చిన పాత్రల పట్టీలో ఇయాగో పేరు పక్కన అతని వివరంగా రాసింది ఆ ఒక్క మాటే. మన పోస్టరు మీది విలన్‌కి అది దగ్గరి చుట్టం. నాకు ముఖ్యమనిపించింది ఇదే: రాజులూ సేనానుల పక్కనుండేవాళ్ళూ చేసిన నేరాలకి పేరు కావాల్సొచ్చినప్పుడు భాష దున్నేవాడి పేరు తీసిచ్చింది. హత్య రాజుది, పేరు రైతుది.

అయితే ఒక తేడా దాచకూడదు. విల్లెయిన్ అనేది చట్టం పెట్టిన హోదా. డబ్బు కట్టో, పట్నానికి పారిపోయో దాన్ని వదిలించుకునే దారులుండేవి. కొన్ని తరాల తర్వాత ఎవరి తాత విల్లెయినో చెప్పగలిగేవాళ్ళు తక్కువ. అందుకే ఆ తిట్టు సొంతదారు లేనిదై రాజు మీదా, పసివాడి మీదా వాలగలిగింది. మన కులాల పేర్లు తిట్లయ్యాయి, సొంతదారులు మాత్రం అట్లాగే ఉన్నారు. 1989 అట్రాసిటీ చట్టానికి 2016 జనవరిలో అమల్లోకొచ్చిన సవరణ, పదిమంది చూసేచోట కులం పేరుతో తిట్టడాన్ని విడిగా ఒక నేరంగా రాయాల్సొచ్చింది.

కింగ్ లియర్‌ని చివరికి ఉంచుకున్నాను. 1606 డిసెంబరు 26న రాజు ముందు ఆడిన నాటకం. ప్రభువు కార్న్‌వాల్ ముసలి గ్లోస్టర్‌ని కుర్చీకి కట్టించి ఒక కన్ను పెరికేస్తాడు. రెండో కంటికి చెయ్యి పోతుంటే ఒక నౌకరు అడ్డం పడతాడు. చిన్నప్పట్నుంచి మీ కొలువు చేశాను, ఇప్పుడు ఆగమని చెప్పడాన్ని మించిన కొలువు లేదంటాడు. అతనికి పేరు లేదు, మొదటి నౌకరు అంతే. కార్న్‌వాల్ నిర్ఘాంతపోయి అతన్ని విలన్ అంటాడు, ముందు 'నా' అని చేర్చి. కోపంలో ఎవడూ ఎదుటివాణ్ణి నా దుర్మార్గుడా అనడు. ఇది పాత అర్థం, నా వెట్టివాడు. కార్న్‌వాల్ భార్య రీగన్‌ది ఇంకో ఆశ్చర్యం, ఒక రైతుముండాకొడుకు ఇట్లా ఎదురు నిలబడటమా అని. కత్తి తీసుకుని వెనకనుంచి పొడిచి చంపుతుంది. కార్న్‌వాల్ ఆజ్ఞలు చూడండి: కళ్ళు పోయిన ప్రభువు ఇప్పుడు విలన్ అయ్యాడు, అతన్ని బయటికి గెంటాలి. నౌకరు బానిస, శవాన్ని పెంటకుప్ప మీద పారేయాలి. కానీ ఆ నౌకరు చేసిన గాయంతోనే కార్న్‌వాల్ చస్తాడు. లియర్ కూతుళ్ళ రాజ్యం మీద పడిన మొదటి కత్తిదెబ్బ ఒక పేరులేనివాడిది.

మిగిలిన ఇద్దరు నౌకర్లు ఆ దొరల చెడ్డతనం గురించి తీర్పు చెప్పుకుంటారు. ముసలాయన మొహానికి అద్దడానికి అవిసెనారా, గుడ్డు తెల్లసొనా తెస్తానని ఒకడంటాడు. 1608 క్వార్టోలో ఉన్న ఈ కొద్ది లైన్లు 1623 ఫోలియోలో లేవు. పాఠం చెప్పే మాస్టర్లు తమ చేతిలో ఉన్నది ఏ ప్రతో చూసుకుని, ఆ లైన్లు లేకపోతే బోర్డు మీద రాసైనా చదివించాలి.