ఐదు డాలర్లకు అమ్ముడుపోయిన లిప్ బామ్ కథ

ముందుగా నా తెలివితక్కువ పని ఒకటి చెప్తాను, నవ్వుకోండి. పోయిన చలికాలం ఒక రీల్ చూసి ఇంట్లోనే లిప్ బామ్ చేశాను. కొబ్బరి నూనె, నిమ్మరసం, కొంచెం దాల్చిన చెక్క పొడి. రాసుకున్న పది నిమిషాలకే పెదాలు మంటెత్తి వాచిపోయాయి. మా నానమ్మ చూసి, "కాస్త నెయ్యి రాసుకుని పడుకుంటే పోయేదానికి ఇన్ని పాట్లు ఎందుకే?" అంది.

అసలు పెదాల కోసం జనం ఎప్పటి నుంచి ఇలా ప్రయోగాలు చేస్తున్నారు? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

మొదట రోమ్ వెళ్దాం. రెండో శతాబ్దంలో అక్కడ గేలెన్ అనే పెద్ద వైద్యుడు ఉండేవాడు. తేనె మైనం, ఆలివ్ నూనె, రోజ్ వాటర్ కలిపి చేసే లేపనం ఆయన పేరు మీదే చెలామణీ అయింది. అందులోని నీరు ఆవిరవుతుంటే చర్మానికి చల్లగా అనిపిస్తుంది. కోల్డ్ క్రీమ్ అనే మాట అలా వచ్చిందే. మైనం, నూనె అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అమెరికా. 1829లో లిడియా మరియా చైల్డ్ అనే రచయిత్రి పొదుపుగా ఇల్లు నడుపుకోవడం మీద ఒక పుస్తకం రాసింది. పగిలిన పెదాలకు అందులో ఆమె చెప్పిన చిట్కా ఏంటో తెలుసా? చెవి గులిమి! ఛీ అనకండి. మిగతా మందులు పనిచేయని వాళ్లకు ఇది పనిచేసిందని రాసింది. చేతిలో డబ్బు లేనివాళ్లు, ఖర్చు లేకుండా దొరికేదేదైనా వాడి చూసేవాళ్లు. మీరు మాత్రం ట్రై చేయకండి ప్లీజ్!

తర్వాత 1859. పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో పెట్రోలియం బయటపడింది. రాబర్ట్ చీజ్‌బ్రో అనే 22 ఏళ్ల కెమిస్ట్ అక్కడికి వెళ్లాడు. పంపుల రాడ్లకు జిడ్డుగా ఒక పదార్థం పేరుకునేది. కూలీలకు అదొక తలనొప్పి. కానీ దెబ్బ తగిలినా, కాలినా దాన్నే పూసుకునేవాళ్లు. చీజ్‌బ్రో దాన్ని శుద్ధి చేసి, తన ఒంటి మీదే గాయాలు చేసుకుని పూసి చూశాడు. 1872లో పేటెంట్ తీసుకున్నాడు. అదే వాసెలిన్. అంటే, పేరు కంపెనీది, మొదట కనిపెట్టిన వాడకం కూలీలది.

ఇక అసలు కథ. 1880ల మొదట్లో వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో చార్లెస్ ఫ్లీట్ అనే డాక్టర్ పెదాలకు ఒక మందు తయారుచేశాడు. చూడటానికి వత్తి లేని చిన్న కొవ్వొత్తిలా, చుట్టూ రేకు కాగితంతో ఉండేది. పెద్దగా అమ్ముడుపోలేదు. 1912లో అదే ఊరి జాన్ మోర్టన్‌కు హక్కులన్నీ అమ్మేశాడు. ఎంతకి? ఐదు డాలర్లకి! అదే చాప్‌స్టిక్.

మోర్టన్ ఇంట్లో ఆయన భార్యే వంటింట్లో ఆ మిశ్రమాన్ని కరిగించి, ఇత్తడి గొట్టాల్లో పోసి, వరండాలో చల్లార్చి, ముక్కలుగా కోసేది. వ్యాపారం నిలబడింది ఆ వంటింటి మీదే. కానీ ఈ కథ ఎక్కడ విన్నా ఆమె "మోర్టన్ గారి భార్య", అంతే. ఐదు డాలర్లు కూడా లెక్కకొచ్చాయి, ఆమె పేరు మాత్రం రాలేదు. నాకు బాధనిపించింది ఇక్కడే.

ఇప్పుడు ఒక్కసారి అన్నీ కలిపి చూడండి. గేలెన్ మైనం, టైటస్‌విల్ జిడ్డు, నానమ్మ నెయ్యి... అన్నీ చేసే పని ఒక్కటే. మన పెదాలకు చెమట గ్రంథులు ఉండవు, పైపొర చాలా పల్చన. అందుకే తేమ త్వరగా పోతుంది. దాన్ని ఆపే ఒక పొర కావాలి, అంతే. నాలుకతో తడుపుకుంటే ఆ తడి ఆరుతూ ఇంకా ఎండిపోతాయి.

మీరూ చేయాలనుకుంటే ఒక చెంచా తేనె మైనం తురుము, మూడు చెంచాల కొబ్బరి నూనె తీసుకోండి. గిన్నెను నేరుగా మంట మీద పెట్టొద్దు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, శుభ్రమైన పొడి డబ్బాలో పోయండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి మన ఎండాకాలానికి మైనం కాస్త పెంచాలి. నీళ్లు కలపొద్దు, పాడవుతుంది. నిమ్మరసం, దాల్చిన చెక్క జోలికి పోవద్దు, నన్ను చూశారుగా! పగుళ్లు ఎన్నాళ్లకూ మానకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

చివరగా ఒక చిన్న పని. మీ ఇంట్లో ఇలాంటి చిట్కా ఎవరు చెప్పారో కింద రాయండి. "మా అమ్మమ్మ" అని ఆపేయకండి, ఆమె పేరు కూడా రాయండి. మా నానమ్మ పేరు సుబ్బమ్మ. మళ్లీ కలుద్దాం, బై!