రోహ్నా నౌకావృత్తాంతము

రెండవ ప్రపంచసంగ్రామమున నడిసముద్రమందు శత్రువుదెబ్బకు నొక్కయోడమీఁద వేయిమందికి మించి యమెరికా సైనికులు మడిసిరి. ఆ యోడపేరు రోహ్నా. అది యమెరికావారిది కాదు. సైనికులకొఱకుఁ గట్టినదియుఁ గాదు. మదరాసునుండి నాగపట్టణము మీఁదుగాఁ బినాంగు, సింగపూరు రేవులకుఁ బ్రయాణికులను జేర్చుటకై బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారు 1926లో దానిని గట్టించిరి. ఇంగ్లండునందలి టైన్ నదీతీరమున హెబ్బర్నులో హాతారన్ లెస్లీ కర్మశాల దానిని నిర్మించెను. పరిమాణము 8,602 టన్నులు. దాని తోడినౌక రాజులా. మలయా తోటలపనికిఁ బోయిన దాక్షిణాత్యులు, వారిలోఁ దెలుఁగువారును, ఇట్టి యోడల డెక్కులమీఁదనే సముద్రము దాఁటిరి.

యుద్ధము రాఁగా రోహ్నా సైనికవాహనమయ్యెను. 1943 నవంబరులో నల్జీరియాలోని ఓరాన్ రేవున 1,981మంది యమెరికా సైనికులు దాని నెక్కిరి. సూయెజు మీఁదుగా భారతదేశమునకు వచ్చి, చీనా బర్మా రణరంగమున కుపకరించుట వారి గమ్యము. నవంబరు 26వ తేది సాయంకాలమున జర్మను విమానము లా నౌకాసమూహముపైఁ బడినవి. హైంకెల్ 177 విమానమునుండి విడువఁబడిన హెన్షెల్ 293 అను రెక్కలబాంబు రోహ్నా యెడమప్రక్కను దాఁకి యంత్రశాలయందుఁ బ్రేలెను. విమానమందలివాఁడు రేడియోసంజ్ఞలచేఁ దారి చూపఁగా లక్ష్యమును వెదకి వచ్చు నూతనాయుధ మది. నౌకపై 22 రక్షణపడవ లుండఁగా నీటఁ దిగినవి యెనిమిది మాత్రమే. వానిలోఁ బెక్కులు నీరు నిండి మునిఁగినవి. చీఁకటి పడినది, అల లెక్కువగా నుండెను. పయొనీర్ అను నమెరికా నౌక యొక్కటియే 606మందిని గాపాడెను. అమెరికా సైనికులలో 1,015మంది మడిసిరి.

రేడియోబాంబు ఫలించిన మాట బయటఁబడరాదని యమెరికా ప్రభుత్వ మీ వృత్తాంతమును మఱుగుపఱచెను. మృతుల కుటుంబములకుఁ బెక్కేండ్లు నిజము తెలియలేదు. 2000 సంవత్సరమునఁగాని యమెరికా శాసనసభ తీర్మానముచే వారిని స్మరింపలేదు.

బ్రదికి వచ్చిన సైనికులలోఁ గొందఱు చెప్పిన కథనములయందొక నింద గలదు. నౌకలోని హిందూదేశపు లస్కరులు తమప్రాణములు దక్కించుకొనుటకై ముందుగాఁ బడవలెక్కి పోయిరని యా నింద. ఇది విచారణీయము.

లస్కరు శబ్దము పారసీకమున సేనావాచకము. పోర్చుగీసువారి నోటఁబడి యోడలపై పనిచేయు ప్రాచ్యనావికునకుఁ బేరయ్యెను. తెలుఁగుదేశమునఁ గాలువల తలుపులు గాచువానికిని లస్కరనియే పేరు. సేన యను గౌరవార్థమునుండి కూలివాఁడను నర్థమునకు దిగిన యీ శబ్దముతోఁబాటు దాని నామధేయుల మానమును దిగినది. వారి సాక్ష్యము నడిగినవారు తక్కువ. కావున సంఖ్యలనే యడుగవలసియున్నది.

అధికారులు గాక రోహ్నాలోని పరిజనము 195మంది. వారిలో మడిసినవారు 117మంది, అనఁగా నూటికి అఱువదిమంది. అమెరికా సైనికులలో మడిసినది నూటికి ఏఁబదియొక్కరు. ముందుగాఁ దప్పించుకొన్నవారే యెక్కువగా మడియుట యెట్లు సంభవించును?

యంత్రశాలయందలివారు ప్రేలుడుతోడనే మడిసియుందురు గాన సంఖ్య పెరిగినదని పూర్వపక్షము. ఒప్పుకొందము. అయిన నా మరణము పనిచోట నిలిచినవారి మరణమే గాని, పాఱిపోయినవారిది గాదు. మిగిలినవారిలోఁ గొందఱు వెఱచి పడవలెక్కి యుండవచ్చును. మునుఁగుచున్న యోడమీఁద వెఱపు జాతిభేద మెఱుఁగదు. కొందఱి వెఱపును జాతి కంతకు నంటఁగట్టుట న్యాయము గాదు. సంఖ్య యెవ్వరి శౌర్యమును స్థాపింపఁజాలదు. నింద నట్లే నిలువనీయదు. ఇంతియే దీని ఫలము.

చరిత్రకారుని ధర్మము మృతుల నెల్ల నొక్కపట్టికలో నిలుపుట. రోహ్నా కథ చెప్పునప్పుడు 1,015 అను సంఖ్యతోఁబాటు 117 అను సంఖ్యయుఁ జెప్పఁబడవలెను. రెండవదానిని విడిచినచో నా కథ సగము మాత్రమే చెప్పఁబడినదగును.