ప్రమేయం: ఒకే మాట, రెండు లెక్కలు

బెంగళూరులో కన్నడ మీడియంలో చదివిన మాకు ‘ప్రమేయ’ అంటే రుజువు చెయ్యాల్సిన విషయం. లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానం, అది పైథాగొరస్ ప్రమేయ. తెలుగు మీడియం పుస్తకంలో అదే పైథాగరస్ సిద్ధాంతం. అక్కడ ప్రమేయం అంటే వేరు: ఒక సమితిలోని ప్రతి మూలకాన్నీ ఇంకో సమితిలో ఒకే ఒక్క మూలకంతో జతపరిచే సంబంధం. దాన్ని కన్నడలో ‘ఉత్పన్న’ అంటారు. సమితేమో ‘గణ’, వ్యాసార్ధమేమో ‘త్రిజ్య’. అందుకే ఆంధ్రాలో చదువుకున్న మన పెద్దవాళ్ళు ఇక్కడి పిల్లలకి లెక్కలు చెప్పబోయి, లెక్క వచ్చి కూడా మాట దగ్గర ఆగిపోతారు.

సంస్కృతంలో ప్రమేయమంటే ప్రమాణంతో తెలుసుకోదగ్గది. కన్నడ వాడుకే దానికి దగ్గరని మాకనిపిస్తుంది (తెలుగు మాస్టార్లు కోప్పడకూడదు!).

పాత లెక్కలకి మూలం మాత్రం రెండు వైపులా ఒకటే. 9వ శతాబ్దంలో, మాన్యఖేటం రాజధానిగా ఏలిన రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, జైనుడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. ఆ మాన్యఖేటమే ఇప్పటి కలబురగి జిల్లాలోని మళఖేడ. దాన్ని తర్వాత పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. త్రిభుజం, వృత్తం, వ్యాసం, పరిధి ఇప్పటికీ రెండు బళ్ళలోనూ అవే. ఎక్కువ తేడా వచ్చింది ఐరోపా లెక్కలతో. సమితి అన్న ఊహ 19వ శతాబ్దపు కాంటర్‌ది. దానికి పేరు పెట్టేనాటికి ఎవరి పుస్తకం వాళ్ళదే.

మా ఇంట్లో ఇప్పుడు పిల్లల నోట్సు అంచున రెండు మాటలూ రాస్తున్నాం. తాతగారు చదివి చెప్పడానికి.