తోలు హ్యాండ్‌బ్యాగుల సంరక్షణ

ఖరీదైన తోలు సంచులను శుభ్రపరచి తేమ, ఎండ, మరకల నుంచి కాపాడే పద్ధతి. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీటికి అసలు శత్రువు బూజు. సంరక్షణలో తోలును పదును చేసిన తీరు కూడా ముఖ్యమే. పూర్వం తెలుగునాట తోళ్లను తంగేడు బెరడుతో పదును చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది క్రోమియం లవణాలు. బెరడుతో పదును చేసిన తోలు నీటి మరకను త్వరగా పట్టేస్తుంది. తోలుది ఆమ్ల స్వభావం, సబ్బుది క్షార స్వభావం; అందుకే సబ్బునీళ్లు వద్దు. ఇంటి చిట్కాలు మరీ అన్యాయం: కొబ్బరినూనె మరకై మిగులుతుంది, స్పిరిటు రంగును ఊడ్చేస్తుంది. పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, తోలు క్రీమును పలుచగా పట్టించాలి. తడిస్తే నీడలోనే ఆరబెట్టాలి. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు కాదు, నూలు సంచి వాడాలి. లోపల తెల్లకాగితం కుక్కాలి. వార్తాపత్రిక వద్దు, దాని సిరా అస్తరుకు అంటుతుంది.