కృష్ణ ఒడ్డున పళ్ళరసం

శ్రీకాకుళం అంటే ఇప్పుడందరికీ ఉత్తరాంధ్ర జిల్లాయే గుర్తొస్తుంది. కృష్ణా డెల్టాలో, ఘంటసాలకు దగ్గరలో, నది ఒడ్డున ఇంకో శ్రీకాకుళం ఉంది. కళింగ దండయాత్ర రోజుల్లో శ్రీకృష్ణదేవరాయలు అక్కడి ఆంధ్ర మహావిష్ణువు గుడిలో ఏకాదశి ఉపవాసం ఉన్నాడనీ, ఆ రాత్రి కలలో స్వామి కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడనీ ‘ఆముక్తమాల్యద’ మొదట్లోనే ఉంటుంది. ఆ కావ్యంలో విష్ణుభక్తుడైన విష్ణుచిత్తుడు ఏ కాలంలో అతిథులకు ఏం వడ్డించాడో వంటింట్లో నిలబడి చూసినట్టే రాశాడు రాయలు. వేసవి అయితే ముందు ఒంటికి చందనం. ఆపైన గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్ళు, పళ్ళు, సువాసన వేసిన చల్లని నీళ్ళు, ఊరిన మామిడి పిందెలు, నీళ్ళ మజ్జిగ.

ఐదు వందల ఏళ్ళ కిందటి ఈ వడ్డనలో గమనించాల్సింది ఒకటుంది. చెరకు రసం అన్నంతో పాటే విస్తరి దగ్గరకు వచ్చింది, ఎండాకాలంలోనే వచ్చింది. అదే కావ్యంలో వానాకాలపు భోజనంలోనూ, చలికాలపు భోజనంలోనూ దానికి చోటు లేదు. ఏ నెలలో ఒంటికి ఏది కావాలో అది తాగాలన్న లెక్క ఈ నేల మీద చాలాకాలం నడిచింది. పొద్దున్నే మిక్సీ తిప్పి ఏడాది పొడవునా గ్లాసు నింపుకునే అలవాటు వయసు ఒకటి రెండు తరాలే.

రాయల కన్నా చాలా ముందే ఈ ఒడ్డున బౌద్ధ భిక్షువులు ఉన్నారు. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట స్తూపాలన్నీ కృష్ణా పరిసరాలవే. భిక్షువు మధ్యాహ్నం దాటాక ఏమీ తినకూడదు. మరి ఎండలో నడిచి వచ్చినవాడు సాయంత్రం దాకా ఎలా ఉండాలి? భిక్షువుల నియమావళి అయిన పాళీ వినయపిటకంలోని మహావగ్గ అనే భాగం దీనికి దారి చూపింది. మామిడి, నేరేడు, రెండు రకాల అరటి, ద్రాక్ష, పుట్టికి పళ్ళ రసాలు, తేనె నీళ్ళు, కలువ దుంప రసం తాగవచ్చు. చెరకు రసమూ తాగవచ్చు. ధాన్యంతో చేసినది మాత్రం కూడదు, అది తిండి కిందికి వస్తుంది. వ్యాఖ్యానాల ప్రకారం గుజ్జు మిగలకుండా వడగట్టాలి, పొయ్యి మీద పెట్టకూడదు. డెల్టాలోని విహారాల్లో ఒక్కో శాఖకు ఒక్కో వినయం ఉండి ఉండొచ్చు గానీ, పచ్చి పళ్ళరసానికి ఇంత పట్టింపుగా రాసుకున్న నియమాలు దేశంలో ఇంత పాతవి అరుదు. నియమం వెనక కారణం కూడా స్పష్టమే. రసం దాహం తీర్చాలి, భోజనం కాకూడదు.

మంగళగిరి కొండ మీద దేవుడికీ దాహమే. పానకాల నరసింహస్వామికి భక్తులు బెల్లం పానకం తెస్తారు. అర్చకులు శంఖంతో స్వామి నోట్లో పోస్తుంటే గుటకలు వేస్తున్న చప్పుడు వస్తుంది. సగం పూర్తయ్యేసరికి ఆ చప్పుడు ఆగుతుందని, మిగతా సగం భక్తుడికి ప్రసాదమని నమ్మకం. అంత పానకం ఒలికినా గుడిలో చీమ కనిపించదని ఊరంతా చెబుతుంది. ఈ కొండ ఒకనాటి అగ్నిపర్వతమనీ, బెల్లం నీళ్ళు దాన్ని చల్లబరుస్తున్నాయనీ ఇంకో కథ. కథలు ఎన్ని ఉన్నా, పానకం తయారీ మాత్రం వేసవి ఆరోగ్యానికి కొలిచి చేసినట్టుంటుంది. నీళ్ళు, బెల్లం, మిరియాలు, ఏలకులు, కొన్ని ఇళ్ళలో శొంఠి. చెమటతో నీరసించిన ఒంటికి నీళ్ళూ తీపీ వెంటనే అందుతాయి. శ్రీరామనవమి నాడు పందిళ్ళలో ఇదే పానకం, పక్కన నానబెట్టిన వడపప్పు. ఎండలు ముదిరే ముందు ఊరందరి చేతా ఒకసారి తాగించే ఏర్పాటు అది.

సముద్రం వైపు వెళ్తే కథ మరో మలుపు తిరుగుతుంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మచిలీపట్నంలోనూ, వాళ్ళు పెటపోలి అని రాసుకున్న నిజాంపట్నంలోనూ వర్తక స్థావరాలు పెట్టారు. 1632 సెప్టెంబరులో రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి పెటపోలిలోని థామస్ కోలీకి ఒక ఉత్తరం రాశాడు. అందులో పంచ్ అనే పానీయం మాట ఉంది. తర్వాత లండన్ పెద్దింటి విందుల దాకా వెళ్ళిన ఆ పానీయానికి దొరికిన తొలి లిఖిత ప్రస్తావనగా చరిత్రకారులు ఈ ఉత్తరాన్నే చూపిస్తారు. సారాయిలో నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, సుగంధ ద్రవ్యం కలిపితే పంచ్. సారాయి తీసేస్తే మిగిలేది డెల్టాలో ప్రతి ఇంటికీ తెలిసిన నిమ్మరసమే. ఇప్పటికీ తెనాలి, ఏలూరు నిమ్మకాయల మార్కెట్లకు పేరున్న ఊళ్ళు.

అయితే ఇన్ని పళ్ళు, ఇంత చెరకు ఈ నేల మీద ఎప్పుడూ ఉన్నాయనుకోకూడదు. 1832–33లో వచ్చిన నందన కరువులో గుంటూరు సీమ జనం తిండి లేక రాలిపోయారు. నది పక్కనే పారుతున్నా పొలానికి నీళ్ళు లేని రోజులవి. బెజవాడ (ఇప్పటి విజయవాడ) దగ్గర 1852లో మొదలుపెట్టి 1855 నాటికి ఆనకట్ట కట్టారు. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ప్రోద్బలం, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణ. రెండు పక్కలా కాలువలు సాగాయి. వరి వెంట అరటి, చెరకు, పసుపు, తమలపాకు తోటలు వచ్చాయి. పాత ఆనకట్ట పైన 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కొంచెం మెరక నేలల్లో, నూజివీడు వైపు, మామిడి విస్తరించింది. గ్లాసులో పళ్ళరసం గురించి మాట్లాడేవాళ్ళు ఈ కాలువ నీటిని మర్చిపోకూడదు. తోట లేనిదే రసం లేదు.

చెరకుది వేరే దారి. ఉయ్యూరులో కె.సి.పి. చక్కెర మిల్లు 1940లలో ఊపందుకున్నాక చుట్టుపక్కల చెరకు బళ్ళన్నీ అటే వెళ్ళాయి. అంతకు ముందు బెల్లం వండే చోట గానుగ దగ్గర నిలబడి దోసిలి పట్టి తాగే రసం, తర్వాత బస్టాండ్ల దగ్గర రోలర్ల బండి మీదికి మారింది. నిమ్మకాయ, అల్లం ముక్క చెరకు మధ్య పెట్టి పిండడం, పైన ఐసు ముక్కలు వెయ్యడం ఈ బళ్ళ పద్ధతే.

మామిడి రసం దగ్గర మాత్రం డెల్టా జనం ఏ యంత్రాన్నీ నమ్ముకోలేదు. చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరకు రసాలు, పంచదార కలశ. ఈ రకాలను కోసి ముక్కలు చెయ్యరు. పండును రెండు అరచేతుల మధ్య, తర్వాత వేళ్ళతో చుట్టూ మెత్తగా నలపాలి. తొడిమ దగ్గర చిన్న చిల్లు చేసి, మొదట వచ్చే సొన పిండి పారెయ్యాలి. ఇక నోరు పెట్టి పీల్చడమే. టెంక బయటకు జారాక దాన్ని చీకడం పిల్లల హక్కు. మిగిలితే పెరుగన్నంలో పిండుకుంటారు. ఇంకా మిగిలితే తీపి కలిపి చాప మీద పల్చగా రాసి, ఎండాక దాని మీద ఇంకో పొర రాసి, పొర మీద పొర వేసి తాండ్ర చేస్తారు. గోదావరి వైపు ఆత్రేయపురానికి ఈ పనిలో గొప్ప పేరు. ఇక్కడ రసం అంటే పీచుతో, గుజ్జుతో సహా రసం. ఇప్పుడు పోషకాహార నిపుణులు పండును వడగట్టకుండా తినమంటున్నారంటే, నూజివీడు తోటల్లో ఆ పని ఎప్పటి నుంచో జరుగుతూనే ఉంది.

వడగట్టిన రసం చాలాకాలం జ్వరం వచ్చినవాళ్ళ సొత్తు. లంఖణాలు పెట్టి, తర్వాత బార్లీ నీళ్ళు, సగ్గుబియ్యం జావ, ఆపైన బత్తాయి రసం. మధ్యలో గీతల గుబ్బ ఉన్న గాజు గిన్నె మీద సగం కోసిన బత్తాయిని బోర్లించి తిప్పితే రసం చుట్టూ గాడిలోకి దిగేది. గింజలు ఏరి, పల్చటి గుడ్డలో వడగట్టి, రోగికి చెంచాతో పట్టేవారు. 1890లలో కృష్ణ మీద రైలు వంతెన పడి బెజవాడ పెద్ద జంక్షనయ్యాక రాయలసీమ బత్తాయిలూ, నాగపూర్ కమలాలూ ఊళ్ళోకి దిగడం తేలికైంది. ఊళ్ళోని సూర్యారావుపేట, గవర్నర్‌పేట వీధుల్లో ఆసుపత్రులు పెరిగిన కొద్దీ వాటి గుమ్మాల దగ్గర పళ్ళ బళ్ళూ పెరిగాయి. రోగిని చూడ్డానికి వట్టి చేతులతో వెళ్ళడం మర్యాద కాదు గదా. ఇంట్లో ఎవరైనా నిష్కారణంగా బత్తాయి రసం తాగుతుంటే ‘ఏం, ఒంట్లో బాలేదా?’ అని పక్కింటివాళ్ళు అడిగే రోజులవి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆరోగ్యం కోసమే రసం తాగాలన్న ఆలోచన ఇంకో వైపు నుంచి వచ్చింది. దానికి బీజం జర్మనీలో పడింది. లైప్‌జిగ్‌లో లూయీ కూనే అనే చికిత్సకుడు మందుల్లేని వైద్యం ప్రచారం చేశాడు. నీటి స్నానాలు, వండని ఆహారం, పళ్ళు. ఆయన పుస్తకాన్ని 1894లో ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి చికిత్సా ఉద్యమానికి నాంది ఆ తెలుగు పుస్తకమేనని ఆ రంగం చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఉర్దూ అనువాదం పదేళ్ళ తర్వాత వచ్చింది. తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోదగిన విషయమే అయినా ఎక్కడా పెద్దగా వినిపించదు. గాంధీజీ ఇదే బాటలో నడిచి 1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్సా కేంద్రం పెట్టారు. భీమవరంలోనూ ప్రకృతి ఆశ్రమం వెలిసింది. అమెరికాలో నార్మన్ వాకర్ 1936లో పచ్చి కూరగాయల రసాల మీద పుస్తకం వేసి, రసం తీసే యంత్రమూ తయారు చేశాడు.

అయినా యంత్రం ఇంట్లో లేకపోతే ఏ ఉపదేశమైనా వంటింటి గడప దాటదు. 1963లో సీమెన్స్ ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ బొంబాయిలో సుమీత్ మిక్సీ తెచ్చాడు. తన ఇంట్లో ఉన్న జర్మనీ మిక్సీ మన పప్పులు రుబ్బలేక కాలిపోతే, దానికి బదులుగా పుట్టిన మోటారు అది. డెల్టా ఇళ్ళకు అది పచ్చళ్ళ కోసం, ఇడ్లీ పిండి కోసం వచ్చింది. 1979లో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో తొలి యూనిట్ మొదలైంది, ఇళ్ళలో కరెంటు వాడకం పెరిగింది, ఫ్రిజ్జులూ చేరాయి. రుబ్బడానికి కొన్న మిక్సీతో పాటు జ్యూస్ జార్ కూడా అటక మీద నుంచి కిందికి దిగింది.

ఆ తర్వాత రసాల మాట అందుకున్న మనిషి ప్రకృతి చికిత్స ప్రచారకుడు మంతెన సత్యనారాయణరాజు. విజయవాడ ఎదురుగా, ఉండవల్లి దగ్గర కృష్ణ కరకట్ట మీద ఆయన ఆరోగ్యాలయం ఉంది. ఉప్పు లేని వంట, పొద్దున్నే కడుపు నిండా మంచినీళ్ళు, ఆ తర్వాత క్యారెట్, బీట్‌రూట్, కీర లాంటి కూరగాయల రసం, మొలకలు, పళ్ళు. పుస్తకాల ద్వారా, ఆపైన టీవీ ద్వారా ఈ మాటలు పల్లెటూరి వంటిళ్ళ దాకా వెళ్ళాయి. ఆయన చెప్పినదంతా వైద్యులు ఒప్పుకోరు. ఉప్పు పూర్తిగా మానడం గురించి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. కానీ కూరగాయను పచ్చిగా నోట్లో పెట్టని ఇళ్ళలో, చారెడు కారం, గరిటెడు నూనె లేనిదే ముద్ద దిగని జిల్లాల్లో, లక్షల మంది చేత క్యారెట్ రసం తాగించడం చిన్న పని కాదు. రోగి గ్లాసు ఆరోగ్యవంతుడి చేతికి వచ్చింది ఆ కాలంలోనే.

ఇప్పుడు వాకింగ్‌కు వెళ్ళేవాళ్ళ దారిలో బూడిద గుమ్మడి, కాకర, గోధుమ గడ్డి రసాలు అమ్మే టేబుళ్ళు కనిపిస్తాయి. ఇళ్ళలో పిల్లలు అరటిపండు, పెరుగు, ఖర్జూరం కలిపి స్మూతీ అంటున్నారు. ఇది మంచి మార్పే, ఒక హద్దులో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో పళ్ళరసం కన్నా పండే మేలని చెప్పింది. రసం తాగినా అందులో 100 నుంచి 150 గ్రాముల పండుకు మించకూడదంది. చెరకు రసంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని, పెద్దవాళ్ళు రోజుకు 30 గ్రాముల చక్కెర దాటకూడదని అదే పత్రం హెచ్చరించింది. అంటే బండి దగ్గర పావు లీటరు గ్లాసు ఒక్కటి తాగితే ఆ రోజు కోటా దాటిపోయినట్టే. నాలుగు బత్తాయిలు ఒకేసారి తినలేని మనిషి నాలుగింటి రసం రెండు గుక్కల్లో తాగేస్తాడు. పీచు చెత్తబుట్టలోకి, తీపి రక్తంలోకి. అందుకే ఇంట్లో చేసుకునేటప్పుడు వడగట్టకపోవడం, చక్కెర వెయ్యకపోవడం, పెరుగో నానబెట్టిన సబ్జా గింజలో కలుపుకోవడం మంచిది. మధుమేహం ఉన్నవాళ్ళకు పల్చటి మజ్జిగ, చక్కెర లేని నిమ్మరసం ఇంకా నయం.

సొరకాయ రసం సంగతి మాత్రం కాస్త భయపెట్టేదే. చేదు సొరకాయ రసం తాగి దేశంలో కొందరు చనిపోయారు. దాంతో భారత వైద్య పరిశోధన మండలి ఒక నిపుణుల బృందాన్ని వేసింది. సొర, దోస, బీర జాతి కాయల్లో ఒక్కోసారి కుకుర్బిటసిన్ అనే విషపదార్థం పోగవుతుంది. వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు మొదలవుతాయి, బీపీ పడిపోతుంది. విరుగుడు మందు లేదు. చేదే ఔషధమనుకుని బలవంతాన మింగినవాళ్ళే ఎక్కువగా దెబ్బతిన్నారు. 2012లో వెలువడిన ఆ బృందం నివేదిక చెప్పిన జాగ్రత్త డెల్టా ఇల్లాళ్ళు దోసకాయ పప్పు చేసే ముందు రోజూ తీసుకునేదే. కాయ కొయ్యగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారెయ్యాలి. అప్పటికే తాగేసి వాంతులు మొదలైతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, తాగినదేమిటో డాక్టరుకు ముందే చెప్పాలి.