లారీ టర్బో, కారు కవాటం

స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో పేటెంటుకు దాఖలు చేసిన టర్బోచార్జరు, అనగా ఇంజను పొగ ఊపుతో తిరుగుతూ లోపలికి అదనపు గాలిని ఒత్తిపెట్టే యంత్రం, నల్లగొండ, పాలమూరు మెట్టసీమకు ప్రధానంగా డీజిల్ లారీల ద్వారా, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా పోయే పూర్వపు 9వ నంబరు, జడ్చర్ల మీదుగా పోయే పూర్వపు 7వ నంబరు జాతీయ రహదారులపై పరిచయమైంది. డీజిల్ ఇంజను వేగాన్ని ఇంధన పరిమాణమే శాసిస్తుంది గనుక, గాలిని వదిలే బ్లో-ఆఫ్ వాల్వు ఆ లారీలకు అక్కరలేకపోయింది. పెట్రోలు కారులో మాత్రం యాక్సిలరేటరు వదలగానే గాలిదారిని మూసే థ్రాటిల్ పలక వల్ల ఒత్తిడి వెనుదిరిగి టర్బోలోని కంప్రెసరు రెక్కలను కొడుతుంది. అందువల్ల ఆ కవాటాన్ని (వాల్వును) కంప్రెసరు, థ్రాటిల్‌ల నడుమ, వీలైతే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు దాటాక, థ్రాటిల్‌కు చేరువగా బిగించడం పరిపాటి. లారీ ఆగినప్పుడు వినబడే బుస, చాలామంది టర్బోకు అంటగట్టినా, నిజానికి గాలి బ్రేకులదే.